కిటికీ తాత

“ఆ సీటు కాస్త ఇవ్వండి తాతా, చంటిపిల్లతో నిలబడలేకపోతున్నా.”

“ఇది తప్ప ఏదైనా అడగమ్మా,” అన్నాడు ముసలాయన, కిటికీ దగ్గరికి మరింత జరిగి.

బస్సంతా ఆయన మీద విరుచుకుపడింది. వెనకాల ఎవరో లేచి ఆ తల్లికి చోటిచ్చేదాకా గోల ఆగలేదు.

“ఆ కిటికీని ఇంటికి పట్టుకుపో తాతా, ఓ పనైపోతుంది!” అంది కండక్టరు.

ఆమే ఆయనకి ‘కిటికీ తాత’ అని పేరు పెట్టింది. పని లేని మనిషని అందరూ అనుకునేవారు. మార్కెట్ దగ్గర ఎక్కుతాడు, ఆఖరి స్టాపు దాకా వెళ్తాడు, దిగడు, మళ్ళీ టికెట్టు కొని అదే బస్సులో తిరిగొస్తాడు. ఒకరోజు పొద్దున వస్తే ఒకరోజు మధ్యాహ్నం. వెళ్ళేటప్పుడు ముందు వరసలో ఎడమ కిటికీ, వచ్చేటప్పుడు కుడి కిటికీ. అది దొరక్కపోతే ఆ ట్రిప్పు వదిలేస్తాడు.

డ్రైవరుకి మాత్రం ఆయన్ని చూస్తే నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

డ్రైవరు ఉండే కాలనీ ఆఖరి స్టాపులో ఉంది. మార్కెట్‌కీ కాలనీకీ మధ్య ఒక పొడుగాటి వీధి. కాలనీకి వెళ్తుంటే కుడి పక్క కాలువ, ఎడమ పక్క ఇళ్ళు. ఆ ఇళ్ళవాళ్ళ ప్రార్థన వేరు, కాలనీవాళ్ళ ప్రార్థన వేరు. నిరుడు జరిగిన గొడవల్లో రెండు పక్కలా మనుషులు పోయారు. బస్సు ఆగిపోయింది.

మళ్ళీ మొదలై ఆరు నెలలు. మొదటి వారంలోనే రాయి పడింది. ముందద్దం పగిలి డ్రైవరు నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. ఇంకొక్క అద్దం పగిలితే రూటు రద్దని డిపో మేనేజరు తెగేసి చెప్పాడు. రూటు పోతే మార్కెట్ దగ్గరి కుట్టు ఫ్యాక్టరీలో డ్రైవరు భార్య ఉద్యోగం పోతుంది. ఒక్క ఆమెదేనా, కాలనీలో సగం మంది ఇంట్లో కూర్చోవాల్సిందే.

అందుకే ఆ వీధిలో బస్సు ఆపడు. వీధి మొదట్లోనే అందరిచేతా కిటికీ అద్దాలు వేయిస్తాడు.

ముసలాయన వేయడు. ఆ రోజూ వేయలేదు.

“వేయండి తాతా. రాయొస్తే తల పగుల్తుంది.”

“రాదులే బాబూ.”

“మీకెవరు చెప్పారు?”

ఆయన ముఖం బయటికి బాగా కనబడేలా కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

డ్రైవరు చెవి ఒగ్గి విన్నాడు. వాళ్ళ ప్రార్థన! గొడవల రోజుల్లో ఆ మాటలు అతను రాళ్ళతో పాటు విన్నాడు.

వీధి దాటగానే బ్రేకు వేశాడు.

“మీరు వాళ్ళ మనిషా?”

“అవును బాబూ.” ఆయన దాచలేదు.

“అదీ సంగతి! రాయి రాదని అందుకే అంత ధీమా. ఎవరెక్కారో ఎవరు దిగారో మోసుకెళ్ళి చెబుతున్నారా? దిగండి!”

“తిట్టు బాబూ, పడతాను. రేపు మాత్రం ఎక్కనివ్వు. ఆ సీటు ఖాళీగా ఉంటే...”

“బెదిరిస్తున్నారా? మళ్ళీ ఈ బస్సు దగ్గర కనబడొద్దు.”

ముసలాయన కడ్డీ పట్టుకుని మెల్లిగా ఎండలోకి దిగాడు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు.

“పెద్దవాణ్ణి నడిరోడ్డు మీద దింపేశావు తమ్ముడూ,” అంది కండక్టరు. ఆమెకిప్పుడు హాస్యం రాలేదు.

“పీడా విరగడైందక్కా.”

ఐదు రోజులు ఏమీ కాలేదు.

ఆరో రోజు వీధి నిండా జనం. ఒక యువకుడు చేతులు అడ్డం పెట్టి బస్సు ముందు నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. అయిపోయింది అనుకున్నాడు, రూటూ, ఉద్యోగాలూ, అన్నీ.

యువకుడి చేతుల్లో ఏమీ లేదు.

“పది నిమిషాలు ఆగన్నా. మా పెద్దాయన్ని తీసుకెళ్తున్నాం.”

మనుషుల భుజాల మీద పాడె బస్సు పక్కగా వచ్చింది. డ్రైవరు వంగి చూశాడు. ఆ ముఖం కిటికీ తాతది.

“ఈయన...”

“మా మందిరంలో ప్రార్థన చేయించేవారు. నిన్న గుండె ఆగిపోయింది. అన్నా, ఆ రోజు మీ మీద రాయి వేసింది నేనే. మర్నాడు ప్రార్థనలో ఆయన దేవుడి మీద ఒట్టేశారు. ‘రోజూ ఏదో ఒక ట్రిప్పులో ఆ కిటికీ దగ్గర నేనుంటాను. ఏ ట్రిప్పో చెప్పను. ఇక మీ ఇష్టం’ అన్నారు. ఆ తర్వాత ఇంకెవరికి చెయ్యి లేస్తుంది?”

డ్రైవరు ఊరుకోవచ్చు. ఊరుకుంటే బస్సుకి మంచిది కూడా. కానీ కడుపులో దాగలేదు.

“ఐదు రోజుల నుంచి ఆయన ఆ సీట్లో లేరు తమ్ముడూ. నేనే తిట్టి దింపేశాను.”

కండక్టరు అతని భుజం పట్టుకుని ఆపబోయింది.

“తెలుసన్నా. ఆ సాయంత్రమే మా అందరికీ చెప్పారు.”

“చెప్పారా! మరి మీరు రాయి...”

“‘బస్సులోంచి నేను దిగాను, దేవుడు దిగలేదు’ అన్నారు. అంతే.”

డ్రైవరుకి కళ్ళనీళ్ళు ఆగలేదు. సీట్లోంచి దిగి రోడ్డు మీదికొచ్చాడు.

“వాళ్ళింట్లో ఎవరున్నారు తమ్ముడూ? కాళ్ళ మీద పడి క్షమించమని అడుగుతాను.”

“ఎవరూ లేరన్నా,” అన్నాడు యువకుడు మెల్లిగా, “ఉన్న ఒక్క కొడుకునీ నిరుడు మీ కాలనీలోనే చంపేశారు.”