ఇసుక దేశంలో మంచు సలహా

ప్రమీల మొగుడు తిరుమల్ దోహాలో ఏసీ కాస్త పెంచితేనే దుప్పటి కప్పుకుంటాడు. జర్మనీ మంచులో బండెలా నడపాలో మాత్రం కూతురు రవళికి ఫోన్లో పాఠం చెబుతున్నాడు.

“నీ బండిని నూకేది ఎనక చక్రాలే బిడ్డా. ఆ రెంటికే మంచు టైర్లు ఎయ్యించు. ఇసుకల మేం గట్లనే పోతం.”

“మెకానిక్ నాలుగు మార్చుమంటుండు డాడీ. రెండే అని చెప్పాల్నా?”

“రెండే. వాడు అమ్ముకునేటోడు!”

రవళి డ్యూటీకి దిగే వాలు రోడ్డును వీడియోలో చూసినప్పటినుంచి ప్రమీలకు కాలు నిలవడం లేదు. గరిటెతోనే వచ్చి నిలబడింది.

“ఇసుకల నీ భయమేందయ్యా?”

“బండి ఆగిపోతదని.”

“మరి మంచుల?”

“ఆగదని...” తిరుమల్ గొంతు తగ్గింది. “బిడ్డా, బండిని ఆపేది నాలుగు చక్రాలు గదా, నాలుగూ ఎయ్యించు. నేను తప్పు చెప్పిన.”