ఇనుప చెయ్యి

"దాచకురా, చూడనీ," అంటూ విశాలాక్షి ఎడమచేత్తో కాగితం లాక్కుంది.

బసవలింగం కుంచె కింద పెట్టేశాడు. అక్క ఈపురుపాలెం నుంచి ఇవాళే తెనాలి వస్తుందనుకోలేదు.

"ఇది నా మొహమే!"

"రెండువేల తొంభై నాలుగులో జరిగే కామిక్ కథక్కా. యంత్రాలు ఏలే పట్నం. ఈవిడ మనుషుల్ని పట్టి వాటికి అమ్ముతుంది."

"అంటే రాక్షసి."

అతను తల దించుకున్నాడు. "నీ మొహమైతే చూడకుండా గీయగలను. అందుకని..."

అక్క కుడిచేతిని మోచేతి దాకా పవర్‌లూమ్ మింగింది. బొమ్మకి సరిగ్గా అక్కడే ఇనుప చెయ్యి పెట్టాడు. వేళ్లన్నీ కత్తులే.

తిడుతుందనుకున్నాడు. ఆమె ఆ చేతినే చూస్తోంది.

"అప్పటికి నిజంగా ఇలాంటి చేతులు పెడతారట్రా?"

"పెట్టొచ్చక్కా."

"దీంతో తెగిన పోగు ముడెయ్యొచ్చా?"

బసవలింగం బ్లేడు తీసుకుని కత్తుల్ని గీకేశాడు. వాటి చోట సన్నటి వేళ్లు గీశాడు, వేళ్ల మధ్య ఒక నూలుపోగు.

విశాలాక్షి మొహం విప్పారింది. "మరి నీ కథకి రాక్షసి ఎవర్రా?"

బసవలింగం గోడకున్న అద్దం తీసి ఎదురుగా పెట్టుకున్నాడు. కొత్త కాగితం మీద ముందు తన కళ్లు గీశాడు.