వడ్డించేవాళ్ళ బంతి

మధ్యాహ్నం మూడింటికి షీబా ప్రోగ్రాం మూడోసారి చచ్చింది. ల్యాప్‌టాప్ ఫ్యాను రొద పెట్టి పెట్టి ఊరుకుంది. తెర మీద ఎర్ర అక్షరాలు మిగిలాయి. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం ఆఫీసు నుంచి పై అధికారి దీక్షిత్ ఫోన్ చేశాడు.

"ఎంతవరకు వచ్చింది షీబా?"

"మెమరీ చాలట్లేదు సార్. డేటా వస్తోంది, మధ్యలో ఆగిపోతోంది."

"ఐదింటికల్లా రెండు లక్షల నలభై వేల పైచిలుకు ఫోన్లకి ఫలితాలు వెళ్ళాలి. వెళ్ళకపోతే సోమవారం నుంచి నువ్వు ఇక్కడికి వచ్చేయాలి. శ్రీకాకుళంలో కూర్చుని పని చేస్తానంటే ఇక కుదరదు."

అన్న మాట మీద నిలబడే మనిషి దీక్షిత్.

చదువు మధ్యలో ఆపేసిన పెద్దవాళ్ళు ఇంటి దగ్గరే చదివి రాసే పదో తరగతి పరీక్ష అది. మార్కులన్నీ క్లౌడ్ డేటాబేస్‌లో ఉన్నాయి. వాటిని రప్పించి ఎవరివి వాళ్ళ ఫోనుకి పంపాలి. చెప్పుకోవడానికి ఇంతే పని.

"ఏటే, అయినాదా?"

వంటింటి గుమ్మంలో తల్లి ఎలీసమ్మ. చర్చిలో ఏ విందైనా వెయ్యిమందికి వండి వడ్డించేది ఆవిడే. రోజూ ఈ వేళకి శాంతి టీచరింటికి ప్రార్థనకని వెళ్ళే మనిషి, ఇవాళ ఇల్లు కదల్లేదు. పొద్దున్నుంచి ఇలా అడగడం ఇది ఏడోసారి.

"అవలేదమ్మా. నువ్వెళ్ళి కాసేపు పడుకో."

"నిద్దర రాట్నేదు. ఏటైనాదో సెప్పు. అర్దమైతే అవుతాది, నేకపోతే నేదు."

షీబాకి ఒళ్ళు మండింది. అయినా చెప్పింది. "డేటాబేస్ నుంచి ఒకరి వెనక ఒకరి వివరాలు వస్తూనే ఉంటాయి. అందరివీ వచ్చేదాకా నా ప్రోగ్రాం పోగేసి, అప్పుడు పంపుతుంది. ఒక్కొక్కరికీ ఫోటో, ఆరు సబ్జెక్టుల మార్కులు. అంత పోగు మోయలేక చస్తోంది."

ఎలీసమ్మ కూతురి వైపు జాలిగా చూసింది. "వెయ్యిమంది విందుకొస్తే అందర్నీ ఒక్కపాలే కూకోబెడతామేటే? వందమందికి వడ్డించీసి, ఆళ్ళు లెగిసినాక ఆకులు తీసీసి, మళ్ళీ వందమందిని పిలుత్తాం. అందాకా మిగతా ఓళ్ళు గేటుకాడ నిలబడతారు. ఎవులికి నట్టం?"

షీబా ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది.

మార్చి రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. వచ్చినవాళ్ళని వచ్చినట్టు అందుకోవడం, వెయ్యిమందితో ఒక బంతి నిండగానే ఫలితాలు పంపేయడం, మెమరీ ఖాళీ చేసి తర్వాతి వెయ్యిమందిని పిలవడం. ఈసారి ఫ్యాను చప్పుడు చేయలేదు. పదో బంతి లేచింది, వందో బంతి లేచింది. నాలుగూ నలభైకి రెండువందల నలభయ్యో బంతి కూడా లేచి, తెర మీద 'పూర్తయింది' అని పడింది.

"శభాష్," అన్నాడు దీక్షిత్ ఫోన్లో. "సోమవారం సంగతి మర్చిపో."

షీబా ఎగిరి గంతేసినంత పనిచేసి తల్లిని వాటేసుకుంది. ఎలీసమ్మ బొడ్లో దోపుకున్న ఫోను తీసి టైము చూసుకుంది.

"అందరికీ ఎల్లిపోనాయేటి?"

"అందరికీ."

"సరిగ్గా సూసినావా?"

"రెండువందల నలభై బంతులమ్మా. ఇంకేం కావాలి?"

"మరి ఆకరి బంతో? మా విందుల్లో ఆకరి బంతి ఏనాడూ నిండదు. వడ్డించినోళ్ళం, గిన్నెలు తోమినోళ్ళం, పదిమందిమో పన్నెండుమందిమో ఉంటాం. బంతి నిండనేదని మాకు కూడెట్టకుండా గుండిగలు కడిగీత్తారేటి?"

షీబా నవ్వబోయి ఆగిపోయింది. వెయ్యి నిండితేనే పంపమని రాసింది తనే. ఆఖర్న నిండకపోతే ఏం చేయాలో రాయనేలేదు. గబగబా డేటాబేస్‌ని మొత్తం ఎంతమందో అడిగింది. రెండు లక్షల నలభై వేల ముప్పై ఎనిమిది.

"ముప్పై ఎనిమిదిమంది ఉండిపోయారు," అంది నీరసంగా. "ఆఖరి రోజున దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు. అయిపోయిందని సార్‌కి చెప్పేశాను కూడా. పోనీలే, రేప్పొద్దున్న పంపుతాను. ముప్పై ఎనిమిదిమందికి ఆలస్యమైతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తాది," అంది ఎలీసమ్మ.

ఆ గొంతు విని షీబా తలెత్తింది. తల్లి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"పక్కోళ్ళకి వచ్చి తమకి రాకపోతే ఆళ్ళేటనుకుంటారే? తప్పీసినామనుకుంటారు. ఈ వయసులో మనకెందుకొచ్చిన సదువనీసి, పుస్తకాలు అటకెక్కించీత్తారు. రాత్రంతా అలగే ఉండమంతావేటి ఆళ్ళని?"

షీబాకి సిగ్గేసింది. మూడు వరసలు రాసింది. వచ్చేవాళ్ళు అయిపోయాక ఎందరు మిగిలితే అందరికీ పంపేయాలి, అంతే. నాలుగూ యాభై ఎనిమిదికి, ఇదివరకే అందినవాళ్ళని వదిలేసి మిగిలినవాళ్ళ దగ్గర్నుంచి మొదలెట్టమని మీట నొక్కింది.

"వెళ్ళిపోయాయమ్మా. ఇక అన్నం పెట్టు, ఆకలి దంచేస్తోంది. ఎవరో గానీ ఆ ముప్పై ఎనిమిదిమంది, ఈ పూట నీ పేరు చెప్పుకుని కడుపునిండా తింటారు."

ఎలీసమ్మ బొడ్లో ఫోను టింగుమంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, బడిలో నిలబడి అప్పజెప్పినట్టు పైకి చదివింది.

"గొర్లె ఎలీసమ్మ. పదో తరగతి. ఉత్తీర్ణత."