గోడలోని అబిగెయిల్ మామ్మ

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ గోడలోంచి పూర్వీకులు మాట్లాడేవారు. వంశవృక్షం గీసి వాళ్లకు గొంతులిచ్చేది యంత్రం. దాని తప్పులు దిద్దే పని విజయనగరంలో పెంటమ్మది.

ఆ పొద్దున బోస్టన్ నుంచి హాలిస్ అనే ముసలావిడ పలకరించింది. యంత్రం అనువాదం పుణ్యమా అని ఆవిడదీ విజయనగరం యాసే.

"మా పెద్దోళ్లు ఓడలెక్కి మిరియాల వర్తకం చేసినోళ్లమ్మా. మా గోడలోని అబిగెయిల్ మామ్మ పుట్టిన ఏడు రెండు రకాలుగా కనబడతంది. ఏది నిజమో సూడవా?"

పెంటమ్మ యంత్రం చేత బోస్టన్ పాత చర్చి జనన మరణాల పుస్తకం తెరిపించింది. 1841లో ఒక అబిగెయిల్ పుట్టింది, మరుసటేడే పోయింది. 1843లో మరో అబిగెయిల్ పుట్టింది. యంత్రం ఇద్దరినీ ఒక్క మనిషిని చేసేసింది.

"ఇద్దరమ్మా! పెద్దది పోతే దాని పేరే చిన్నదానికెట్టుకున్నారు. నా ముందు ఇద్దరు పోనారని, నేనైనా దక్కాలని, మాయమ్మ నన్ను పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని ఈ పేరెట్టింది. ఆ తల్లి బాధా అలాటిదే."

అవతల హాలిస్ కుర్చీని గోడ దగ్గరికి జరుపుకుంది.

"ఆ పెద్దదాన్నీ మా ఇంటికి తేవా, పెంటమ్మా?"

ఏం మాట్లాడించాలని యంత్రం అడిగింది.

"ఏడాది పిల్లకి మాటలేటి? నవ్వించు, చాలు," అంది పెంటమ్మ.

బోస్టన్ గోడలో ఓ పసినవ్వు కిలకిలలాడింది. వెంటనే, ఎవరూ అడక్కుండానే, అబిగెయిల్ మామ్మ ముసలి గొంతు వణుకుతూ పలికింది.

"వచ్చావా, అక్కా?"