చేతులతో మాట్లాడే పిల్ల

మాట్లాడని పిల్ల కోసం సూర్యారావు టేప్ రికార్డర్ మోసుకొచ్చాడు. అది చూసి ఆ వరస గదుల వాళ్లంతా నవ్వారు. సూర్యారావు పట్టించుకోలేదు. పిల్లలకు మాటలు ఎలా వస్తాయన్న దాని మీద హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాడు. అలాంటివాళ్లను చూసి నలుగురూ నవ్వడం పటాన్‌చెరులోనే కాదు, ఎక్కడైనా మామూలే.

బాలమణికి ఏడేళ్లు. వెనక నుంచి చప్పట్లు కొడితే తిరిగి చూసింది. పేరు పెట్టి పిలిస్తే దగ్గరికొచ్చింది. “ఏం తిన్నావమ్మా?” అంటే మాత్రం తల్లి చాటుకు పోయింది.

“ఇనవడుతది సార్, మాటనే రాదు,” అంది తల్లి కౌసల్య. “దేవుడు గట్ల రాసిండు. మీరు తిప్పలవడకుండ్రి.”

వేరే తల్లయితే ఎలాగైనా నయం చెయ్యమని కాళ్లావేళ్లా పడేది. ఈమె వద్దంటోంది! సూర్యారావుకు చిరాకేసింది.

వాళ్లు ఏడాది కిందటే రుద్రారం దిక్కు నుంచి వచ్చి ఆ గది కిరాయికి తీసుకున్నారు. పిల్లను బడికి పంపలేదు. మూగపిల్లకు బడెందుకు అందట కౌసల్య. ఆ మాట బడి పంతులమ్మ చెవిన పడి, ఆమె ద్వారా సూర్యారావుకు తెలిసింది.

తండ్రి ఐలన్న ఇనుప రేకులు కొట్టే ప్రెస్ మిషన్ మీద పనిచేస్తాడు. అతనికి శుక్రవారం సెలవు. సూర్యారావు ప్రతి శుక్రవారం వచ్చి కూర్చునేవాడు.

ఆ తండ్రికి కూతురంటే ప్రాణం. సూర్యారావు ఏమడిగినా, ముందు పిల్ల వైపు చూసి, ఆ తర్వాతే జవాబు చెప్పేవాడు. చెప్పే నాలుగు ముక్కలూ ఊరంతా వినేలా చెప్పేవాడు.

“పొద్దంత మిషన్ల నడుమ ఉండే మనిషి గద సార్, గొంతు గట్లనే ఐంది,” అని సర్దిచెప్పేది కౌసల్య.

పిల్ల మాత్రం తండ్రి ఎదుట కూర్చుని చేతులు ఆడిస్తూనే ఉండేది. ఐలన్న కూడా చేతులతోనే బదులు చెప్పేవాడు. మొదట్లో అవి పిల్లచేష్టలే అనుకున్నాడు సూర్యారావు. చూడగా చూడగా వాటిలో ఒక వరస కనిపించింది. ముందు వస్తువు, తర్వాత మనిషి, కాదు లేదు అన్నవి ఎప్పుడూ చివర. ప్రశ్న అయితే కనుబొమలు పైకి లేస్తాయి. ఎన్నిసార్లు చూసినా వరస తప్పలేదు. అది చేష్ట కాదు, భాష!

మూలం కూడా దొరికింది. ప్రెస్ మిషన్ల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అక్కడి పనివాళ్లంతా సైగలతోనే చెప్పుకుంటారు. ఐలన్న ఆ సైగల్నే ఇంటికి తెచ్చి పిల్లకు నేర్పాడు. ఆకలి, దాహం అన్నీ చేతులతోనే తీరిపోతుంటే ఇక నోటితో పనేముంది?

సూర్యారావు ఎగిరి గంతేసినంత పని చేశాడు. అంతలోనే గుండె బరువెక్కింది. భాష పట్టుబడే వయసు ఒకటుంటుంది. అది దాటితే ఆ పిల్ల ఎప్పటికీ ఇంతే.

“ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో సైగలు బంద్,” అన్నాడు. “ఐలన్నా, పాపతో నోటితోనే మాట్లాడాలి. సరేనా?”

బాలమణి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ఐలన్న కూతుర్ని చూశాడు. పెళ్లాన్ని చూశాడు. సూర్యారావు మొహంలోకి చూసి నవ్వాడు.

“మంచిది సార్!” అన్నాడు గట్టిగా.

కౌసల్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లకు ఈమెకు తెలివొచ్చిందనుకుని తృప్తిగా బస్సెక్కాడు సూర్యారావు.

మళ్లీ శుక్రవారం వచ్చేసరికి తండ్రీ కూతుళ్లు గడపలో కూర్చుని చేతులు ఆడిస్తున్నారు.

సూర్యారావుకు కోపం నషాళానికెక్కింది. “ఇది మీతో అయ్యే పని కాదు. మీ కంపెనీ మేనేజరుతోనే మాట్లాడతా. కంపెనీ డాక్టరు ఉన్నాడుగా, ముగ్గురికీ పరీక్షలు చేయిస్తా. ఇలాంటివి వంశంలోంచి కూడా వస్తాయి. పాపతో పాటు మీ ఇద్దర్నీ చూడాలి.”

కౌసల్య మొహం పాలిపోయింది. “మీ కాల్మొక్కుత సార్, గా పని చెయ్యకుండ్రి. ఆయనను పర్మనెంటు చేసే టైమిది. జెర ఆగుండ్రి.”

“అంటే నీకు పిల్ల నోటికన్నా పర్మనెంటు ఎక్కువా?”

“ఎద్దు పుండు కాకికి ముద్దంట,” అంది కౌసల్య. “మా బాధ మేం పడ్తం. మా ఇంటికి రాకుండ్రి సార్.”

“నువ్వసలు కన్నతల్లివేనా?” అన్నాడు సూర్యారావు.

కౌసల్య తల దించుకుంది. ఐలన్న మాత్రం అదే నవ్వు నవ్వుతూ, “చాయ్ తాగి పోండ్రి సార్!” అన్నాడు.

ఇలాంటి తల్లిదండ్రులు పగవాడికి కూడా వద్దనుకున్నాడు సూర్యారావు. టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని ఫ్యాక్టరీ వైపు బయల్దేరాడు. బొంబాయి రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. దాటడానికి సందు దొరక్క నిలబడ్డాడు.

ఎవరో వెనక నుంచి చొక్కా లాగారు. బాలమణి! చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. రొప్పుతోంది. వెనకా ముందూ చూసుకుంది. చుట్టుపక్కల బస్తీ వాళ్లెవరూ లేరు.

సూర్యారావు మనసు కరిగిపోయింది. వంగి, ఆ చిన్న చేతులు ఏం చెబుతాయోనని వాటి వైపే చూశాడు. చేతులు కదల్లేదు.

“మా నాయినకు ఇనవడదని కంపెనీల జెప్పకుండ్రి సార్,” అంది బాలమణి.