సాయన్నను పట్టిన మొసలి

తొలివాన వెలిసిన పొద్దున మాణిక్ కొత్త వల భుజాన వేసుకుని ఒడ్డుకు వచ్చేసరికి, సాయన్న నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కాకా! ఏమైందే?"

సాయన్న పళ్లు బిగబట్టి పిక్క పట్టుకున్నాడు. మాణిక్ ఆ నెత్తురు చూశాడు. ముందున్న మంజీర డ్యాం వెనకనీళ్లు చూశాడు. అంతే, వల అక్కడే పారేసి ఊళ్లోకి ఉరికాడు.

"మొసలి! సాయన్న కాకను మొసలి పట్టింది!"

ఊరంతా ఒడ్డు మీదికి వచ్చి పడింది. సాయన్న ఇల్లు పక్కనే. అతని భార్య నారమ్మ అప్పటికే పాత చీర గుడ్డతో కట్టు కడుతోంది. ఏడవలేదు. ఒకసారి జనాన్ని చూసింది, ఒకసారి మొగుణ్ని చూసింది, కట్టు ఇంకా గట్టిగా బిగించింది.

సాయన్న ఆ ఊరి మత్స్య సంఘానికి అధ్యక్షుడు. పేరుకే. ఆయన మాట వినే నాథుడు లేడు.

"వానలు పడ్డ రెండు నెలలు వలలు ఆపుండ్రి. చేప కడుపుతోని ఉంటది, గుడ్లు పెట్టనియ్యుండ్రి" అని ఏటా మొత్తుకునేవాడు. చెప్పి చెప్పి నోరు నొచ్చింది.

"మేం ఆపితే అవతలి ఒడ్డోళ్లు ఆగుతరా?" అనేవాడు మాణిక్. అవతలి ఒడ్డున కూడా ఇదే మాట. దోమతెరల్లాంటి వలలతో చిటికెన వేలంత పిల్లల్ని కూడా ఊడ్చేశారు. పోయినేడు చలికాలానికే నీళ్లలో ఏమీ మిగల్లేదు. సగం ఊరు బీదర్‌కు మట్టిపనికి పోయింది. ఈ వానాకాలం కూడా అట్లాగే పోతే వాళ్లు తిరిగి వచ్చి చేసేదేమీ లేదు. ఈ మాటే సాయన్న ముందురోజు సాయంత్రం కూడా చెప్పాడు. మాణిక్ నవ్వి ఊరుకున్నాడు. తెల్లారి కొత్త వలతో వచ్చాడు.

ఇప్పుడా వల ఒడ్డున పడి ఉంది. తెచ్చుకునే ధైర్యం ఎవరికీ లేదు.

రాయికోడ్ నుంచి ఆరెంపీ డాక్టరు వచ్చి కట్టు విప్పాడు. "నీ నసీబ్ మంచిగుంది సాయన్నా. ఒక్క పన్నే దిగింది" అని కుట్లు వేశాడు. జహీరాబాద్ పెద్ద దవాఖానకు పొమ్మంటే సాయన్న ససేమిరా అన్నాడు.

ఇక ఊరి సంగతి చెప్పేదేముంది! ఒకడికి తోక కనిపించింది. ఇంకొకడికి కళ్లు కనిపించాయి. వారం తిరిగేసరికి మొసలి పన్నెండు అడుగులైంది. కబురు అవతలి ఒడ్డుకు చేరేసరికి రెండు మొసళ్లయ్యాయి, పిల్లల్ని కూడా పెట్టాయి. రెండు ఒడ్డుల్లోనూ వలలు చూరుకెక్కాయి.

మగవాళ్లు అల్లం చేలల్లో కలుపు కూలికి పోయారు. పోతూ వస్తూ మొసలిని తిట్టారు. సాయన్న గడపలో కాలు చాపుకుని అన్నీ విన్నాడు. నారమ్మ చేప ముట్టడం మానేసి పప్పు, పచ్చిపులుసుతో వెళ్లదీసింది. పాపం, చేపను చూస్తే మొసలి గుర్తొస్తుందేమో అనుకున్నారు ఆడవాళ్లు.

"నాకు సాలైందయ్యా" అంది నారమ్మ ఒక పొద్దు. "నీ కట్లు ఉతుకుడు, ఒచ్చినోళ్లకల్ల జవాబు చెప్పుడు. ఎన్ని దినాలు గిట్ల?"

"జర ఓపిక పట్టు. నీళ్లల్ల చేపపిల్లలు ఎదుగుతున్నయే" అన్నాడు సాయన్న, కాలు నిమురుకుంటూ.

ఫారెస్టోళ్లు వచ్చి బోను పెట్టారు. మంజీరలో మొసళ్లకు కొదవా? ఒకటి పడనే పడింది. సాయన్నను మంచం మీద మోసుకుపోయి చూపించారు. జనం బోను చుట్టూ మూగారు. ఇదే అని ఆయన నోట వస్తే చాలు, తెల్లారేసరికి వలలు నీళ్లలో ఉంటాయి.

సాయన్న మంచం మీంచి వంగి బోనులోకి చూశాడు.

"ఇది గాదు సార్."

"సరిగ్గ చూడు."

"కాలు నాది సార్, నాకెర్క లేదా? ఇది నన్నేం చెయ్యలే. పాపం, ఇడిచిపెట్టుండ్రి."

సర్కారు పరిహారం ఇస్తుంది, అర్జీ పెట్టుకో అన్నారు. వద్దన్నాడు. మాణిక్ నెత్తి కొట్టుకున్నాడు. "మొసలి కాలుతోని ఆగలే. కాక దిమాక్ గూడ తిన్నది."

దసరా దాటింది. నీళ్లు తేరుకున్నాయి. సాయన్న కట్టె పట్టుకుని కుంటుతూ వచ్చి, అందరికంటే ముందు తానే నడుం లోతు దాకా దిగాడు. అట్లాగే నిలబడ్డాడు. ఏమీ కాలేదు.

"ఇంక ఫికర్ లేదు. దిగుండ్రి" అన్నాడు. "మళ్లొచ్చే వానలకు మాత్రం చెప్పలేను."

ఆ రోజు మాణిక్ వల లాగడానికి ఇంకో ఇద్దరు చెయ్యి వేయాల్సి వచ్చింది. బొచ్చెలు, రవ్వలు, ఒక్కొక్కటీ మోచెయ్యంత. జహీరాబాద్ మార్కెట్‌కు ఆటోల మీద ఆటోలు పోయాయి. బీదర్‌కు ఫోన్లు పోయాయి, వచ్చెయ్యుండ్రి అని.

మాణిక్ అన్నింట్లోకీ పెద్ద బొచ్చెను ఏరి సాయన్న ఇంటికి పట్టుకొచ్చాడు. "నీ కాలు కుంటి జేసి మా కడుపులు నింపింది కాకా, ఆ మొసలి."

"పోనీలేరా. చిన్నమ్మకియ్యి, వండుతది" అన్నాడు సాయన్న, అలసటగా గోడకు ఒరిగి.

మాణిక్ మలుపు తిరిగాక నారమ్మ తలుపు గొళ్లెం పెట్టి, జొన్నల గుమ్మి వెనక దాచిన కత్తిపీట బయటికి లాగి, చేప కోసే ముందు, తొలివాన నాటి నుంచి దాని అంచున ఎండిపోయి ఉన్న మొగుడి నెత్తురు గీకి కడిగింది.