వీపు ఎండిన కప్ప

ఒక మడుగులోకి వాగు నీళ్లు సన్నటి కాలువ గుండా వచ్చేవి. కాలువలో చేరే బురదను ఒక ఎండ్రకాయ రోజంతా తోడిపోస్తుండేది. పనిమంతురాలే గానీ, దానికి ఉన్నట్టుండి కునుకు పట్టేది. అది కునికితే బురద అడ్డుపడి నీళ్లు ఆగిపోయేవి.

మడుగులో ఒక కొర్రమీను పిల్లల్ని పెట్టుకుని ఉంది. నీళ్లు ఎక్కడ ఆగిపోతాయోనన్న బెంగతో మాటిమాటికీ కాలువ దాకా వెళ్లి చూసొచ్చేది. నడివేసవికల్లా చిక్కి సగమైంది.

"అక్కా, ఆ కాపలా నాకు వదిలెయ్యి" అంది ఆ మడుగులోనే ఉండే ఒక కప్ప.

"పొద్దస్తమానం నిద్రపోతావు, నువ్వేం కాస్తావు తమ్ముడూ?" అని కొర్రమీను విసుక్కుంది.

కప్ప కాలువ దగ్గరికి వెళ్లింది. కాలువ నీళ్లు మడుగులో పడేచోట, ధార తన వీపు మీద పడేలా రాతి మీద కూర్చుని కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నం ఎండ్రకాయ కునికింది. ధార ఆగింది. కొర్రమీను కాలువ వైపు ఈదబోయింది. అంతలో కప్ప ఉలిక్కిపడి లేచి, గెంతుకుంటూ వెళ్లి ఎండ్రకాయను ఒక్క తోపు తోసింది. తిట్టలేదు, ఎందుకు నిద్రపోయావని అడగలేదు. ఎండ్రకాయ మళ్లీ బురద తోడింది, నీళ్లు వచ్చాయి. కప్ప తన రాతి మీదికి వచ్చి కూర్చుంది.

"నిద్రలో నీకెలా తెలిసింది?" అని కొర్రమీను అడిగింది.

"వీపు ఎండితే మెలకువ వచ్చేస్తుందక్కా" అని కప్ప కళ్లు మూసుకుంది.

సాయంత్రం ఎండ్రకాయ మళ్లీ కునికింది, వీపు ఎండిన కప్ప వెళ్లి తోసొచ్చింది. ఆ సంగతి కొర్రమీనుకు తెలియనే తెలియదు. అది పిల్లల పక్కన ఒళ్లు మరిచి నిద్రపోతోంది.